జలగుహలలో దారిత్రాడు

శంషాబాదు విమానాశ్రయమునకు సమీపమున, మహేశ్వరము మండలములో మంఖాల్ అను ఊరు కలదు. 2008వ సంవత్సరము మార్చి నెలలో ఆ విమానాశ్రయము తెరవబడినది మొదలు ఆ ప్రాంతపు బాలురకు విమానమనిన వింత లేదు. గట్టు మీద నిలిచిన మేకల కాపరి సయితము తల యెత్తి చూడడు. అయినను, ఆ తలమీదుగా పోవు పెద్ద విమానములలో ఒక చిన్న పెట్టె యుండుననియు, అది మంటకును తాకిడికిని ఓర్చుకొనునట్లు చేయబడినదనియు మీలో కొందరు వినియుందురు. దానిని నల్లపెట్టె యందురు గాని దాని రంగు నలుపు కాదు. శిథిలములలో వెదకువారి కంటికి తేలికగా కనబడుటకై దానికి నారింజవన్నె పూయుదురు. విమానము కూలినప్పుడు ఆ పెట్టెను వెదకి తెచ్చి, చివరి నిమిషములలో ఏమి జరిగినదో తెలిసికొందురు. ఆ విచారణ యొక్క ఉద్దేశము ఒకరి మీద తప్పు మోపుట కాదనియు, అట్టి ప్రమాదము మరల రాకుండ చేయుటయే యనియు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమము చేసినది. నేరమును విచారించుటకు న్యాయస్థానములు వేరుగ నున్నవి.

ఇది ప్రభుత్వములును పెద్ద సంస్థలును పూనుకొని చేయు పని. ఎవరి యాజ్ఞయు లేకుండ, తమంతట తామే ఇట్టి పనికి పూనుకొన్న చిన్న సంఘము ఒకటి ప్రపంచమున కలదు. వారు నీటితో నిండిన గుహలలో మునిగి, ఆ గుహల చివర లెక్కడ నున్నవో చూడబోవు గజ ఈతగాండ్రు. తమలో నొకడు గుహలో మరణించినప్పుడు వారేమి చేయుదురో ఈ పాఠమున చెప్పబడుచున్నది.

మంఖాల్ చుట్టుప్రక్కల అట్టి గుహలు లేవు. అక్కడి నేల క్రింద నున్నది గట్టి గ్రానైటు శిల. వాన నీరు దానిని కాలక్రమమున పగుల్చగలదు గాని కరిగింపజాలదు. ఆ పగుళ్లలో నిలిచిన నీటినే మనము బావులు త్రవ్వి తోడుకొనుచున్నాము. సున్నపురాయి యట్లు కాదు. వాన చినుకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొని స్వల్పమైన ఆమ్లమగును. ఆ ఆమ్లము వేల సంవత్సరములు పారిన చోట సున్నపురాయి కరిగి సొరంగములు ఏర్పడును. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలములోని బెలుం గుహ లిట్లు పుట్టినవే. వాని పొడవు 3,229 మీటర్లు. వానిని తొలిచిన నీరు ఏనాడో తొలగిపోయినది గనుక నేడు మనము అందు నడచి తిరుగగలుగుచున్నాము. పాతాళగంగ యను చిన్న పాయ మాత్రము లోపల మిగిలియున్నది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమునను, మెక్సికో దేశపు యూకటాన్ ప్రాంతమునను గల గుహలలో పెక్కింటినుండి నీరు తొలగలేదు. ఆ గుహలలో నడచుటకు వీలు లేదు. వీపున గాలి సిలిండర్లు కట్టుకొని మునుగవలసినదే. ఇంగ్లండులోని వూకీహోల్ గుహలో 1935వ సంవత్సరముననే కొందరు ఇట్టి ప్రయత్నము చేసిరి.

చెరువులో మునిగినవాడు ఊపిరి చాలనప్పుడు కాళ్లు తాటించి పైకి వచ్చును. గుహలో మునిగినవాని తలపైన నున్నది రాతికప్పు. అతడు ఎంత దూరము లోపలికి పోయెనో అంత దూరము వెనుకకు వచ్చినగాని అతనికి ఆకాశము లేదు. పైగా గుహ నేలమీద మెత్తని ఒండ్రు పరచుకొనియుండును. పాదము సోకినంతనే అది లేచి నీటిని పాలవలె చేయును. అప్పుడు చేతిలో దీపము వెలుగుచున్నను అతడు గ్రుడ్డివాడే. ఇందుకే గుహలో ప్రవేశించువారు వెలుపలి నీటిలో ఒక రాతికి సన్నని త్రాడు కట్టి, దానిని కండెనుండి విప్పుచు పోవుదురు. అది దారిత్రాడు. కన్ను పని చేయనప్పుడు వ్రేళ్లే దానిని పట్టుకొని మనిషిని వెలుపలికి తెచ్చును.

లోతు మరియొక శత్రువు. ప్రతి 10 మీటర్లకును నీటి పీడనము ఒక వాయుమండలపు బరువంత పెరుగును. పైన ఒక గంట వచ్చు గాలి 30 మీటర్ల లోతున పావుగంటకే చెల్లిపోవును. అంతియే కాదు. లోతున పీల్చిన గాలిలోని నత్రజని రక్తమున కరిగి నిలుచును. ఈతగాడు తొందరపడి పైకి వచ్చెనేని, గోలీసోడా తెరచినప్పుడు బుడగలు పొంగినట్లు, ఆ నత్రజని రక్తములోనే పొంగును. కావున అతడు మెట్టుమెట్టునకు ఆగుచు, ఒక్కొక్కప్పుడు గంటల కొలది నీటిలోనే నిలిచి, మెల్లగా రావలయును. భయపడి పరుగెత్తుటకు అక్కడ అవకాశము లేదు.

1960, 1970 దశకములలో ఫ్లోరిడా గుహలలో మరణములు పెక్కు జరిగెను. స్ఫటికమువంటి నీటిని చూచి ముచ్చటపడి, తగిన శిక్షణ లేకుండ లోపలికి పోయిన యువకులు తిరిగి రాలేదు. ఊటలను మూసివేయవలెనని కోరినవారు కొందరు. చచ్చినవారు మూర్ఖులని తేల్చి ఊరకున్నవారు కొందరు. షెక్ ఎక్స్‌లీ అను నతడు ఈ రెండు త్రోవలలోను పోలేదు. అతడు 1949లో జన్మించెను. బడిపిల్లవాడుగ నున్నప్పుడే గుహలలో మునుగ నేర్చెను. పెద్దవాడై ఫ్లోరిడాలోని ఒక ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయుడయ్యెను. ప్రమాదముల వృత్తాంతములను ఒక్కొక్కటిగా కూర్చి, లెక్కల మాస్టరు తప్పిన లెక్కను పరీక్షించునట్లు, ఎక్కడ తప్పినదో అతడు పరీక్షించెను. లెక్క తప్పిన విద్యార్థిని తిట్టినందువలన లెక్క సరిపడదు గదా!

పరీక్షింపగా చిత్రమైన సంగతి బయటపడెను. గుహలలో మృత్యువునకు దారులు వేయి యుండునని జనులు తలచుచుండిరి. నిజమునకు మూడే తప్పులు మరల మరల కనబడెను. వెలుపలి నీటివరకు తెగకుండ వచ్చు దారిత్రాడు లేకపోవుట; తిరుగు ప్రయాణమునకు తగినంత గాలి మిగుల్చుకొనకపోవుట; తమ సామర్థ్యమునకు మించిన లోతునకు పోవుట. ఎక్స్‌లీ ఈ సంగతులను 1979లో ‘బేసిక్ కేవ్ డైవింగ్’ అను చిన్న పుస్తకమున ప్రకటించెను. అందు ప్రతి అధ్యాయమునకును ముందు ఒక ప్రమాదవృత్తాంతము నుంచి, ఆ పిమ్మట దానినుండి నేర్వవలసిన నియమమును చెప్పెను. తరువాతి వారు శిక్షణను, మనిషికి మూడు దీపములను ఆ నియమములకు చేర్చిరి.

వీనిలో గాలిని గూర్చిన నియమము మీరు కాగితము మీద చేసి చూడదగినది. ఒకని వద్ద 180 పాళ్ల గాలి యున్నదనుకొనుడు. అతడు లోపలికి పోవుటకు 60 పాళ్లు మాత్రమే వాడవలెను. 120 పాళ్లు మిగులగనే వెనుదిరుగవలెను. తిరిగి వచ్చుటకు 60 పాళ్లు చాలును. మరి కడపటి 60 పాళ్లు ఎందులకు? సగము పోయి సగముతో వచ్చిన నింకను దూరము చూడవచ్చును గదా యని మీకు తోచవచ్చును. ఇద్దరు కలిసి పోయినప్పుడు, గుహ యొక్క అతిదూరమైన చోట, ఒకని పరికరము చెడి అతని గాలి యంతయు పోయెననుకొనుడు. అప్పుడు రెండవవాని యొద్ద నున్న 120 పాళ్లే ఇద్దరిని వెలుపలికి తేవలెను. తనకు 60, స్నేహితునకు 60. లెక్క సరిగా సున్నకు వచ్చినది. అనగా ఆ మూడవ పాలు తనది కాదు, తోడివానిది. భయపడిన మనుష్యుడు వేగముగా ఊపిరి పీల్చును గనుక ఈ లెక్క కూడ చాలదని, ఇంకను ఎక్కువ మిగుల్చుకొనువారు వివేకులు. ఈ నియమమును కనుగొనుటకు ముందు ఎందరి ప్రాణములు పోయెనో తలచుకొన్నచో, ఈ భాగహారము అంత తేలికగా కనబడదు.

ఇప్పుడు ఫ్లోరిడాలో పెక్కు గుహల ముఖద్వారమున, నీటి లోపల, ఒక పలక నిలిపియున్నది. దానిమీద కొడవలి పట్టిన మృత్యువు బొమ్మ యుండును. ఇట్టి గుహలలో 300 మందికి పైగా మరణించిరనియు, వారిలో ఈత నేర్పు గురువులు కూడ నున్నారనియు, ప్రాణమిచ్చి చూడదగిన దేదియు లోపల లేదనియు ఆ పలక చెప్పును. గురువులు మరణించిరను మాట గమనింపదగినది. సముద్రములో ఎంత నేర్పరియైనను గుహలో క్రొత్తవాడే.

ఒక మరణము సంభవించిన వెంటనే జరుగు పని యేమనగా, మృతుని వెలుపలికి తెచ్చుట. సామాన్యముగా పోలీసువారికి గుహలో మునుగు శిక్షణ యుండదు. కావున అనుభవముగల గజ ఈతగాండ్రే ఒక స్వచ్ఛంద సంఘముగ ఏర్పడి, పిలుపు వచ్చినప్పుడు తమ ఉద్యోగములు వదలి వత్తురు. వచ్చినవారు కంటికి కనబడిన దానిని చెదరగొట్టరు. మృతుని సిలిండరులో ఎంత గాలి మిగిలినది, దీపములలో ఎన్ని వెలుగుచున్నవి, దారిత్రాడు ఎక్కడ ముగిసినది, అతని ముఖము ఏ దిక్కునకు తిరిగియున్నది, ఇవన్నియు గుర్తించి వ్రాసికొందురు. ఆ దేహము ఒక్కొక్కప్పుడు వారి స్నేహితునిదే యగును. చేయి వణకకుండ ఆ యంకెలను వ్రాయుట యెట్టి పనియో మీరే యూహింపవచ్చును.

మనలో ‘చచ్చినవాని కండ్లు చారెడు’ అను సామెత యున్నది. పోయినవాని గుణములు పెద్దవి చేసి చెప్పుట, వాని తప్పులు నోట అనకుండుట లోకస్వభావము. ఈ సంఘములోను ఆ స్వభావము లేకపోలేదు. కన్నతల్లి కన్నీరు తుడుచుకొనకముందే కొడుకు తప్పులను లెక్కించుట క్రూరమని కొందరు వాదింతురు. దినములు గడచిన కొలది నిజము మరుగుపడి, అదే గుహలో మరియొకడు చచ్చునని మరికొందరు వాదింతురు. ఈ తగవు ప్రతి మరణము తరువాతను పుట్టుచునే యున్నది. ఇరుపక్షములలోను న్యాయమున్నది గాని, మొదటి దినములలో పుట్టు పుకార్లకును, తరువాత వచ్చు నివేదికకును చాల భేదము కలదు. పుకారు ‘ఎవడు?’ అని అడుగును, నివేదిక ‘ఎట్లు?’ అని అడుగును. మొదటిదానిని అణచుటకు రెండవదానికంటె మంచి సాధనము లేదు.

ఈ సంఘపు వారిని అన్నిటికంటె కఠినముగ పరీక్షించినది దక్షిణాఫ్రికాలోని బోస్‌మన్స్‌గాట్ అను జలగుహ. అది సముద్రమట్టమునకు సుమారు 1,500 మీటర్ల ఎత్తున గల మెట్టభూమిలో నున్నది; దాని లోతు 270 మీటర్లకు మించినది. 1994 డిసెంబరులో డియాన్ డ్రేయర్ అను ఇరువదేండ్ల యువకుడు అందు మునిగి తిరిగి రాలేదు. వెదకిరి గాని దేహము దొరకలేదు. పదేండ్లు గడచెను. 2004 అక్టోబరులో డేవిడ్ షా అను ఆస్ట్రేలియా దేశస్థుడు ఆ గుహ అడుగున 270 మీటర్ల లోతును చేరి, అచ్చట ఆ యువకుని దేహమును కనుగొనెను. పైకి తెచ్చుటకు ప్రయత్నించెను గాని అది కదలలేదు. మరల వచ్చినప్పుడు దారి తెలియుటకై దానికొక త్రాడు కట్టి వచ్చెను. షా వృత్తిచే పెద్ద విమానములు నడపు పైలటు. ప్రమాదములను గూర్చి అతనికి ఒకరు చెప్పవలసిన పని లేదు. అయినను తలిదండ్రులకు వారి బిడ్డను తెచ్చి యిచ్చెదనని మాట యిచ్చెను.

2005 జనవరి 8వ తేదీన పెక్కుమంది సహాయకులు వేర్వేరు లోతులలో నిలువగా షా మునిగెను. అతని శిరస్త్రాణమున కెమెరా అమర్చబడియుండెను. పదేండ్ల తరువాత ఎముకలగూడు మాత్రమే మిగిలియుండునని వారు తలచిరి. కాని దేహము పూర్తిగా శిథిలము కాలేదు. కదలించినంతనే నీటిలో తేలసాగెను. దానిని సంచిలో చేర్చుటకు షా ప్రయాసపడెను. దీపపు తీగ త్రాటిలో చిక్కుకొనెను. ఆ లోతున వాయువు చిక్కనై, పీల్చి విడచుటయే యొక బరువైన పని. ప్రయాస పెరిగిన కొలది ఊపిరి వేగమాయెను. బొగ్గుపులుసు వాయువు దేహమున పేరుకొనెను. అతడు స్పృహ తప్పి అచ్చటనే మరణించెను. అతనికి తోడుగా దిగిన డాన్ షర్లీ స్నేహితుని దీపము కదలకుండుట చూచి సహాయమునకై యింకను క్రిందికి పోయెను గాని, సుమారు 250 మీటర్ల లోతున తన పరికరము పీడనమునకు పగులుటచే మరలవలసివచ్చెను. లోపలి చెవిలో బుడగ చేరి తల తిరుగుచుండగా అతడు పండ్రెండు గంటలకు పైగా నీటిలో నిలిచి బయటపడెను. ఆ బాధ అతనిని పూర్తిగా వదలలేదు.

నాలుగు దినముల తరువాత మిగిలిన సామగ్రిని వెలికి తీయుటకు త్రాడు లాగుచుండగా ఎవరును ఊహింపనిది జరిగెను. షా దేహము పైకి తేలివచ్చెను. దానితోపాటు, త్రాటికి చిక్కుకొని, ఆ యువకుని దేహమును వచ్చెను. ఇచ్చిన మాట నిలిచినదని కొందరు గద్గదకంఠముతో చెప్పుకొనిరి. ఇంతటితో ఊరకున్నచో ఇది ఒక వీరగాథగా మాత్రమే మిగిలెడిది. కాని వారు ఊరకుండలేదు. షా శిరస్సుననున్న కెమెరా చెడిపోలేదు. ఆ చిత్రమును స్నేహితులు, వైద్యులు చూచిరి. అందలి ఊపిరి చప్పుళ్లను లెక్కించిరి. ఏ నిమిషమున ఊపిరి వేగమైనదో, ఎప్పుడు చేతి పని తప్పినదో గుర్తించిరి. అంత లోతున దేహము శ్రమించినప్పుడు ఊపిరితిత్తులు బొగ్గుపులుసు వాయువును వెలుపలికి నెట్టజాలవని వైద్యులు 2007లో ఒక వ్యాసమున వివరించిరి. ఆ వ్యాసము వెలువడినది విమానయాన, అంతరిక్షయాన వైద్యమునకు సంబంధించిన పత్రికలో. విమానములు నడపినవాడు తనకు తెలియకయే తన నల్లపెట్టెను తలమీద మోసికొనిపోయెను.

మృతుని కొరకు బ్రతికినవాడు ప్రాణమొడ్డవచ్చునా? ఈ ప్రశ్నకు ఆ సంఘమున ఏకాభిప్రాయము లేదు. 2014 ఫిబ్రవరిలో నార్వే దేశపు ప్లూరా గుహలో ఫిన్లండు వారైన ఐదుగురు మునుగగా ఇద్దరు మరణించిరి. బ్రిటను నుండి వచ్చిన ప్రవీణులు గుహను పరీక్షించి, దేహములను తెచ్చుట మిక్కిలి ప్రమాదకరమని చెప్పి మరలిపోయిరి. పోలీసులు గుహలో మునుగుటను నిషేధించిరి. మార్చి నెలలో మృతుల మిత్రులు, ప్రమాదమునుండి బయటపడినవారితో కలిసి, ఎవరికిని చెప్పక అచ్చటికి పోయి ఇరువురిని వెలికి తెచ్చిరి. నిషేధమును మీరినందుకు విచారణ జరిగెను గాని శిక్ష పడలేదు. వారు చేసినది సరియైనదని చెప్పుటకు నాకు ధైర్యము చాలదు. తప్పని చెప్పుటకు మనసు రాదు. పనికిరాదని చెప్పి మరలిపోయిన ఆ బ్రిటను ప్రవీణులు పిరికివారనుకొనరాదు. వారిలోని రిక్ స్టాంటన్, జాన్ వొలంథెన్ అనువారే 2018 జూలై 2వ తేదీన థాయిలాండులోని థామ్‌లువాంగ్ గుహలో చిక్కుకొన్న పండ్రెండుగురు బాలురను, వారి శిక్షకుని కనుగొన్నవారు. లోపలనున్నవారు బ్రతికియుండిరి గనుక అక్కడ లెక్క వేరు. అయినను ఆ గుహ ఒక ప్రాణమును తీసికొననే తీసికొనెను. గాలి సిలిండర్లను లోపల నుంచి తిరిగి వచ్చుచుండగా సమాన్ గునాన్ అను మాజీ నావికాదళ సైనికుడు జూలై 6వ తేదీన మరణించెను. బాలురు జూలై 8 మొదలు 10 వరకు మూడు దినములలో వెలుపలికి తేబడిరి.

ఈ ప్రశ్న మనకును దూరమైనది కాదు. మంఖాల్ ప్రాంతము మీదుగా శ్రీశైలము పోవు రహదారిని పట్టుకొని పోయినచో, నల్లమల అడవిలో, నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట వచ్చును. అక్కడ త్రవ్వుచున్న శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగములో, సుమారు 14 కిలోమీటర్ల లోపల, 2025 ఫిబ్రవరి 22వ తేదీన పైకప్పు కూలి, నీరును బురదయు ముంచుకొనివచ్చి ఎనిమిదిమంది చిక్కుపడిరి. సింగరేణి గనుల రక్షకదళము, సైన్యము, నావికాదళపు ఈతగాండ్రు, చేతితో ఇరుకు బొరియలు త్రవ్వుటలో నేర్పరులైన గనిపనివారు వారములకొలది శ్రమించిరి. మార్చి నెలలో ఇద్దరి దేహములు మాత్రము లభించెను. అటు ముందున్న భాగమున అడుగు పెట్టుట రక్షకులకే ప్రాణాంతకమని తేలుటచే త్రవ్వకము ఆగిపోయెను. ఆ ఎనిమిదిమందిలో పెక్కురు దూరరాష్ట్రములనుండి కూలికై వచ్చినవారు. వారి యిండ్లవారు సొరంగము ద్వారమున కూర్చుండి ఎదురుచూచిన దినములను పత్రికలలో చదివినవారు మరువలేరు. ఆపుమని చెప్పిన అధికారికిని, ఆపవద్దని వేడుకొన్న తండ్రికిని నడుమ నిలిచి తీర్పు చెప్పగలవాడెవడు?

ఇంతకంటె దగ్గరి ప్రమాదము ఇంకొకటి కలదు. హైదరాబాదు చుట్టును రాయి కొట్టి వదలిన క్వారీ గుంతలు పెక్కు గలవు. వానలకు అవి నిండును. చెరువునకు వాలు ఉండును, బావికి మెట్లు ఉండును. క్వారీ గుంతకు రెండును లేవు. ఒడ్డునుండి ఒక్క అడుగు వేసినంతనే ఇరువది, ముప్పది అడుగుల లోతు. పైనీరు ఎండకు వెచ్చగా నుండి, లోపలి నీరు చల్లగా నుండి కాళ్లు కొంకరలు పోవును. వేసవి సెలవులలో ఒకడు జారును. వానిని పట్టబోయి రెండవవాడును, వానిని పట్టబోయి మూడవవాడును పోవుదురు. మునుపు మన పల్లెలలో వీపునకు ఎండు సొరకాయబుర్ర కట్టి, బావిమెట్ల మీద పెద్దవారు నిలిచి, పిల్లలకు ఈత నేర్పెడివారు. బావులు పూడిపోయినవి, ఆ నేర్పును వానితో పోవుచున్నది.

క్వారీలో ఒకడు మునిగినచో వెదకుటకు వచ్చువారు తరచుగా చేపలు పట్టి జీవించు గంగపుత్రులు, లేదా ఊరిలోని గజ ఈతగాండ్రు. వారు వచ్చి, ఊపిరి బిగబట్టి, పాతాళగరిగె వంటి కొక్కెములతో అడుగును దేవి, దేహమును ఒడ్డునకు తెచ్చి, తలపాగతో తల తుడుచుకొని పోవుదురు. ఏ గుంతలో రాతి అంచు ఎచ్చట నున్నదో, ఏ మూల బురద లోతో, మునిగినవారు సాధారణముగ ఎచ్చట దొరకుదురో వారికి తెలియును. ఆ తెలివి వారి దేహముతోనే యుండి వారితోనే పోవుచున్నది. వారిని కూర్చుండబెట్టి అడిగి వ్రాసికొన్నవారు అరుదు. పంచాయతీలో మరణము నమోదగును. లోతు నమోదు కాదు. ‘వాని రాత యంతే’ అని మనము ఇంటికి పోవుదుము. రాత యనుమాటకు అర్థము వేరొకటి కూడ కలదని ఫ్లోరిడా లెక్కల మాస్టరు కనుగొనెను.

ఆ ఉపాధ్యాయుని కథలో మిగిలినది చెప్పవలసియున్నది. ఎక్స్‌లీ వేయి గుహలలో మునుగుటలను పూర్తి చేసిన మొదటివాడు. నియమములు వ్రాసి ఊరకుండినవాడు కాడు. ప్రమాదము జరిగినచో దేహములను తెచ్చుటకును పోయెడివాడు. తన నియమములు సామాన్యుల కొరకు చెప్పిన లోతులను తాను దాటి పోవుచుండెను. అట్లు పోవుట తగునా యని అతని మిత్రులే యోచించిరి. 1994 ఏప్రిల్ 6వ తేదీన మెక్సికోలోని సకాటోన్ అను బావివంటి గుహలో 300 మీటర్ల లోతును చేరవలెనని, అతడును జిమ్ బౌడెన్ అను స్నేహితుడును వేర్వేరు త్రాళ్ల వెంబడి దిగిరి. బౌడెన్ సుమారు 280 మీటర్ల వరకు పోయి, గాలి తగ్గుట చూచి మరలి వచ్చెను. ఎక్స్‌లీ రాలేదు. నలుబదియైదేండ్ల వయసు.

అతనిని వెదకుటకు ఆ లోతునకు పోగలవారు లేరు. కొన్ని దినముల తరువాత మిగిలిన సిలిండర్లను తీయుటకై త్రాడు లాగినప్పుడు అతని దేహము దానితో వచ్చెను. త్రాడు అతని పరికరములకు చుట్టబడియుండెను. తాను బ్రతుకనని తెలిసిన పిమ్మట, తన కొరకు మరియొకడు ప్రాణమునకు తెగించి దిగకుండుటకై, అతడే ఆ త్రాటిని చుట్టుకొనియుండునని మిత్రులు కొందరు భావించిరి. కేవలము చిక్కుకొనెనని భావించినవారును కలరు. అతని మణికట్టున నున్న కొలమానము 260 మీటర్లకు పైబడిన లోతును చూపుచుండెను. ఒడ్డున నిలిచినవారు ఆ యంకెను, త్రాడు చుట్టుకొన్న తీరును వ్రాసికొనిరి.